శ్రీ ‘ఏం లేదు’ గారి సముఖమునకు

అయ్యా,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మీ కుశలం రోజూ చూస్తూనే ఉన్నాం. మీ పుణ్యమా అని మా కుశలమే మాకు తెలియడం లేదు.

తిరుపతి బైరాగిపట్టెడలో మాది చిన్న ఇల్లు. రేషన్ కార్డులో ముగ్గురమే. మీ పేరు ఎక్కించలేదు గానీ, పెళ్ళయిన రెండో ఏడాది నుంచీ మీరు మాతోనే ఉంటున్నారు. మొదట్లో చుట్టంలా హాల్లో కూర్చునేవారు. తర్వాత వంటింట్లోకి వచ్చారు. ఇప్పుడు మంచం మధ్యలో కాళ్ళు చాపుకుని పడుకుంటున్నారు.

“ఎందుకట్లా ఉండావు?” అంటే మీరు పలుకుతారు. “అన్నం సగంలో వదిలేసినారేంది?” అంటే మీరే. వంటింట్లో గిన్నెలు మామూలు కంటే గట్టిగా మోగుతుంటే, ఏమైందని అడిగినా మీరే. మీకో తమ్ముడు కూడా ఉన్నాడు, ‘ఊఁ’ గారు. మా ఆవిడ మేడ మీద బట్టలు ఆరేస్తూ “కొండ మీద మబ్బు చూడండి, ఎంత కిందికి దిగిందో” అంటుంది. నేను ఫోన్‌లోంచి తల ఎత్తకుండా మీ తమ్ముణ్ణి పంపిస్తాను.

మా అమ్మాయి సైకాలజీ చదువుతోంది. ఆ ‘ఊఁ’ విని ఒకరోజు నాకే పాఠం పెట్టింది. జాన్ గాట్మన్ అనే అమెరికా సైకాలజిస్టు కొత్తగా పెళ్ళయినవాళ్ళను గమనించి, ఆరేళ్ళ తర్వాత మళ్ళీ వాకబు చేశాడట. కలిసి ఉన్నవాళ్ళు ఇలాంటి చిన్న చిన్న పిలుపులకు నూటికి 86 సార్లు పలికినవాళ్ళట. విడిపోయినవాళ్ళు పలికింది 33 సార్లు. “అమ్మ చూపించింది మబ్బునే గానీ నాన్నా, నువ్వు తల తిప్పుతావా లేదా అనే ఆమె చూసేది” అంది. నా మార్కులెన్ని అని అడిగాను. “ఏం లేదులే” అని లేచిపోయింది. చూశారా, పిల్ల దాకా పాకారు మీరు.

మీ గుట్టు రట్టయింది మాత్రం కొండ మీద. పోయిన నెల సర్వదర్శనానికి వెళ్ళాం. సెల్‌ఫోన్లు డిపాజిట్ చేసి, వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఓ కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నాం. ఫోన్ లేని చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. మా ఆవిడ పక్కన ఆదోని నుంచి వచ్చినామె. పాలు తాగేలోపు ఊళ్ళు, పిల్లలు, షుగరు మాత్రలు అన్నీ అయిపోయాయి. ఉప్మా వచ్చేసరికి మా ఆవిడ చెబుతోంది: “మా అమ్మ పోయి మూడేండ్లయిందక్కా. సాయంత్రం ఐదయితే ఇప్పటికీ చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఆ టైముకే చేసేది.”

ఆ చెయ్యి నేను రోజూ చూస్తున్నాను. ఫోను తీస్తుంది, చూస్తుంది, ఫ్రిజ్ మీద బోర్లా పెడుతుంది. “ఎవరు?” అంటాను. మూడేళ్ళుగా జవాబు మీరు చెబుతున్నారు. నేను నమ్ముతున్నాను.

సొంతవాళ్ళ దగ్గర దాచిన మాటను జనం కొత్తమనిషికి చెప్పేస్తారని జార్జ్ సిమ్మెల్ అనే జర్మన్ పండితుడు 1908లోనే రాశాడట. ఆయన మా కంపార్ట్‌మెంట్ చూడలేదు, చూసుంటే ఇంకో పుస్తకం రాసేవాడు. ఆదోని ఆమె రేపు రైలెక్కితే ఆ మాట ఆమెతోనే పోతుంది. నాకు చెబితే ఇంట్లోనే ఉంటుంది, వచ్చే గొడవలో బయటికొస్తుంది.

అయినా నన్ను గుచ్చింది అది కాదు. ఆదోని ఆమె సలహా ఇవ్వలేదు. “మీయమ్మ ఏం మాట్లాడేది?” అని అడిగింది, అంతే. నేనైతే “తిరుచానూరు పోయి రాపో, మనసు కుదుటపడుతుంది” అనేవాణ్ణి. మనసు విప్పడంతోనే దగ్గరితనం రాదట, అవతలి మనిషి అర్థం చేసుకుని పట్టించుకున్నాడని తెలిస్తేనే వస్తుందట. హ్యారీ రైస్, ఫిలిప్ షేవర్ అనే ఇద్దరు 1988లో రాసిన సంగతి ఇది. మా అమ్మాయి నోట్సులో ఎర్ర సిరాతో గీత గీసి మరీ ఉంది.

తిరుచానూరంటే గుర్తొచ్చింది. మా ఊరి కథ మొదలైందే ఇట్లాంటి గొడవతో. భృగుమహర్షి స్వామి గుండెల మీద తన్నాడు. అమ్మవారుండే చోటు అది. స్వామి ఆమె వైపు చూడకుండా వచ్చినాయన కాళ్ళు ఒత్తుతూ కూర్చున్నాడు. అమ్మవారు మిమ్మల్ని నోటికి రానివ్వలేదు. జరిగిన అవమానం ముఖాన చెప్పి కొల్హాపురం వెళ్ళిపోయింది. తర్వాత స్వామి భూలోకానికి రావడం, పద్మావతమ్మతో పెళ్ళి, దానికి కుబేరుడి దగ్గర అప్పు. వడ్డీ మనం హుండీలో ఇప్పటికీ కడుతూనే ఉన్నాం. పక్కనున్న మనిషి వైపు ఒకసారి చూడకపోతే ఎంత ఖర్చో!

ఇంతా చెప్పి నా సంగతి దాచితే మీరే నవ్వుతారు. పదకొండు నెలల కిందట ఒక స్నేహితుడి చీటీకి ష్యూరిటీ సంతకం పెట్టాను. అతను పాట పాడుకుని డబ్బు తీసుకున్నాడు, ఆ తర్వాత కట్టడం మానేశాడు. అప్పటి నుంచి ఆ కంతులు నేనే కడుతున్నాను. “రాత్రిళ్ళు నిద్రపోవడం లేదేంది?” అని ఆమె అడిగిన ప్రతిసారీ నా బదులు మీరే మాట్లాడారు.

కొండ దిగిన మర్నాడు సాయంత్రం ఐదు. ఆమె ఫోను తీసింది, చూసింది. నేను అడిగాను: “ఈ టైముకి మీయమ్మ ఏం మాట్లాడేది?”

ఆమె నన్ను కాసేపు చూసింది. “అయితే కంపార్ట్‌మెంట్‌లో నిద్రపోలేదన్నమాట” అంది. తర్వాత కూర్చుని చెప్పింది. పెద్ద మాటలేం కావు. చింతచిగురు ఎంత, పాలవాడు వచ్చినాడా, అల్లుడు తిన్నాడా, అంతే. చెబుతూ రెండుసార్లు నవ్వింది, ఒకసారి కొంగుతో ముక్కు తుడుచుకుంది. చివర్లో, “మీకేమైంది ఈ ఏడాదిగా?” అంది.

మీరు నా నాలుక చివరి దాకా వచ్చారు. ఒట్టు, వచ్చారు. మిమ్మల్ని మింగి, చీటీ సంగతి ఎత్తాను.

ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టి, “ఎంత?” అంది.

ఇట్లు,
మీ పాత ఇంటివాడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.