తల తెగిన పాత బొమ్మ

ఊళ్లో పాత సినిమా మళ్లీ వేస్తున్నారంటే ఎంత సంబరం! తీరా చూస్తే తెర మీద కిరీటం పైన తెగిపోయి, గజ్జెల పాదాలు కింద మాయమై ఉంటాయి. ఎందుకిలా చేస్తారండీ?

తెలుగులో తొలి సినిమాస్కోప్ (బాగా వెడల్పాటి తెర) సినిమా ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది 1974లో. అంతకుముందటి నలుపు తెలుపు సినిమాల ఫ్రేమ్‌లో వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి దాదాపు 1.37:1. దాన్ని 2.39:1 స్కోప్ తెర నిండా సాగదీస్తే ముఖాలు అప్పడాల్లా పరుచుకుంటాయి. కత్తిరించి నింపితే నూటికి 43 పాళ్ల బొమ్మ పోతుంది. నాట్యంలో కాళ్లే కనపడకపోతే ఇంకేం చూడాలి!

ప్రొజెక్టర్‌లో ఫ్లాట్ సెట్టింగ్ (స్కోప్ కన్నా తక్కువ వెడల్పు బొమ్మకి వాడేది) పెట్టి, పక్కల నల్ల తెరలు లోపలికి జరిపితే చాలు. కానీ ఫైలే కత్తిరించి పంపితే ఆపరేటర్ మాత్రం ఏం చేస్తాడు? పోస్టర్ మీద ‘ఫోర్‌కే’ అని అంత పెద్దక్షరాలు వేసేవాళ్లు ముందు బొమ్మని పూర్తిగా చూపించండి.