16 నిమిషాల బాకీ

1889లో చార్మినారుకు నాలుగు వైపులా గడియారాలు పెట్టారు. వాటిని జనం చూసేవారు. గచ్చిబౌలిలోని మా ఆఫీసు గుమ్మంలో వేలిముద్ర యంత్రం పెట్టారు. అది జనాన్ని చూస్తుంది.

పోయిన శుక్రవారం అది నన్ను 9:16కి చూసింది. సంజాయిషీ రాయమన్నారు. రాశాను.

భారత కాలమానానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది కాకినాడకు దగ్గరగా పోతుంది. హైదరాబాదు దానికి పడమరగా దాదాపు 4 డిగ్రీల దూరంలో ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, సూర్యుడు కాకినాడ నుంచి మన నెత్తిమీదికి రావడానికి 16 నిమిషాలు పడుతుంది. కనుక నేను సూర్యుడితో పాటు సరిగ్గా తొమ్మిదికే వచ్చానని, తొందరపడింది గడియారమేనని సవినయంగా మనవి చేసుకున్నాను. కాకినాడకు బదిలీ చేయమంటారా అని హెచ్చార్ వారు అడిగారు. అక్కడ మాకు శాఖ లేదు. అయినా అద్దెలు గుర్తొచ్చి కాసేపు ఆలోచించాను.

ఆ రోజే పదిన్నరకు సమావేశం. మేనేజరు గారు 11:10కి వచ్చారు. అది ఆలస్యం కాదు. నేను రాకపోతే "ఇంకా రాలేదు" అంటారు, ఆయన రాకపోతే "సార్ వస్తున్నారు" అంటారు. క్రియ ఒకటే, చిన్న జీతానికి వ్యతిరేకార్థం, పెద్ద జీతానికి వర్తమానం. వ్యాకరణవేత్తలు ఈ సంగతి ఎందుకు వదిలేశారో తెలియదు. ఎనిమిది మందిమి 40 నిమిషాలు గోడ చూస్తూ కూర్చున్నాం. అంటే మొత్తం 5 గంటల 20 నిమిషాలు. యంత్రానికి గోడ చూసే లెక్క రాదు.

శుక్రవారం పదిన్నర అంటే రాహుకాలం కూడా. రాహువు మాత్రం క్యాలెండరులో వేసినట్టే పదిన్నరకు వచ్చి పన్నెండుకు వెళ్ళిపోయాడు. మేము ఒంటిగంట దాకా ఉన్నాం.

ఇక సాయంత్రాలు మావి కావు, న్యూయార్కువి. అక్కడ ఉదయం 9 గంటల సమావేశం వేసవిలో మనకు 6:30కి, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక 7:30కి పడుతుంది. మా ఇంట్లో గడియారాన్ని ఎవరూ ముట్టుకోరు. పప్పు తాలింపు మాత్రం గంట జరుగుతుంది. "వాళ్లు ముల్లు తిప్పితే మన కుక్కరు ఎందుకురా ఆగాలి?" అని అమ్మ అడిగింది. ఆవిడ్ని సంజాయిషీ రాయమనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

నా సంజాయిషీ ఇంకా పరిశీలనలోనే ఉంది. ఎప్పటికి తేలుతుందని నిన్న అడిగాను.

"సార్ వస్తున్నారు" అన్నారు.