రెండు పేర్లతో బతికిన మనుషులు

"మతం మారారు కదా, ఇంకా ఎస్సీలమని ఎందుకు చెప్పుకుంటారు?" ఈ ప్రశ్న నా కంట పడని రోజు ఉండటం లేదు ఈ మధ్య. అడిగేవాళ్ళలో నాతో కలిసి చదువుకున్నవాళ్ళున్నారు, మా ఇంట్లో అన్నం తిన్నవాళ్ళూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే ఉన్నదంతా ఒక్కచోట రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, చదవండి.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను.

నేను పదో తరగతి పాసైన ఏడాది కులం సర్టిఫికెట్ కోసం అప్లికేషన్ పెట్టాం. విచారణకి మనిషి వస్తున్నాడని పొద్దున్నే కబురొచ్చింది. ఆ మాట వినగానే అమ్మ గోడ మీదున్న యేసు ప్రభువు క్యాలెండరు తీసి, చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టేసింది. బైబిళ్ళు దుప్పట్ల మధ్యకి పోయాయి. క్రిస్మస్‌కి కట్టిన స్టార్ ఇంకా చూరుకి వేలాడుతుంటే నాన్న నిచ్చెన వేసుకుని దించాడు. ఎవరింట్లోంచో వెంకటేశ్వరస్వామి పటం తెచ్చి ఖాళీ అయిన మేకుకి తగిలించారు. వచ్చినాయన గుమ్మం బయటే నిలబడ్డాడు. అమ్మ మంచినీళ్ళు తెస్తే చేత్తోనే వద్దన్నాడు. అక్కణ్ణుంచే మెడ చాచి గోడలన్నీ చూసి, "మీరు చర్చికి పోతారంటగా?" అన్నాడు. "లేదండీ" అన్నాడు నాన్న. మా చర్చి సంఘంలో నాన్నే పెద్ద. ఆదివారం కానుకల లెక్క రాసే మనిషి.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అమ్మ పేతురు గురించిన భాగం తీసింది. కోడి కూయకముందు ముమ్మారు యేసుని ఎరగనన్న శిష్యుడు పేతురు. చదవలేక మధ్యలోనే ఏడ్చేసింది. నాన్న తలెత్తలేదు.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గుమ్మం నా కళ్ళ ముందు నుంచి పోలేదు. మేం అంటరానివాళ్ళమని ఆయన మా నీళ్ళు వద్దన్నాడు. మేం అంటరానివాళ్ళం కాదేమోనని మా గోడలు వెతికాడు. ఒకే మనిషి, ఒకే గుమ్మంలో, ఐదు నిమిషాల్లో రెండూ చేశాడు. ఈ దేశంలో చట్టం కూడా డెబ్బై ఏళ్ళకి పైగా మాతో చేస్తున్నది ఇదే.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా. హిందూ మతం కాకుండా వేరే మతంలో ఉన్నవాళ్ళెవరూ షెడ్యూల్డ్ కులానికి చెందరని దాని సారం. 1956లో సవరించి సిక్కుల్ని చేర్చారు. 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. ఎస్టీలకు ఈ పరీక్ష లేదు. ఏ దేవుణ్ణి కొలిచినా ఎస్టీ ఎస్టీయే. బీసీల్లోనూ లేదు, దూదేకులవారు ముస్లింలైనా బీసీ-బీలో ఉన్నారు. ఏం పూజిస్తావని అడిగి మరీ తూకం వేసేది ఒక్క అంటరానివాణ్ణే.

బౌద్ధుల విషయం కొంచెం ఆగి ఆలోచించండి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేడ్కర్ గారు లక్షల మందితో కలిసి బౌద్ధం తీసుకున్నారు. ఆయన వెంట నడిచిన ఆ మనుషులకి కేంద్రం ఎస్సీ హోదా ఇవ్వడానికి 34 ఏళ్ళు పట్టింది. రాజ్యాంగం రాసిన మనిషి దారిలో నడిచినందుకు, ఆ రాజ్యాంగం ఇచ్చిన రక్షణలోంచి వాళ్ళని ఒక తరం పాటు బయట నిలబెట్టారు. పైగా బౌద్ధం, సిక్కు మతం రెండూ కులాన్ని ఒప్పుకోవు. ఆ మతాల్లోకి వెళ్ళినా కులం వెంటాడుతుందని పార్లమెంటు ఒప్పుకుంది. మరి బాప్తిస్మం నీళ్ళలో మాత్రం కులం కరిగిపోతుందని ఎట్లా నమ్మింది?

1985లో సుప్రీంకోర్టు ముందుకి సూసై అనే చెప్పులు కుట్టే మనిషి కేసు వచ్చింది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవాళ్ళకి ప్రభుత్వం బంకులు ఇస్తోంది. ఆయన కులంలోనే పుట్టి, ఆయన చేసే పనే చేసే హిందువులకి వచ్చాయి. సూసైకి మాత్రం క్రైస్తవుడని ఇవ్వలేదు. మతం మారాక కూడా అవే కష్టాలు అదే తీవ్రతతో ఉన్నాయని నిరూపించే ఆధారాలు చాలవంది కోర్టు. రోడ్డు పక్కన చెప్పులు కుడుతూ కూర్చున్న మనిషే ఆధారం కదా! అంతకన్నా ఏం తేవాలి ఆయన?

మా జిల్లాల కథ తెలియకుండా "బియ్యం బస్తాకి మతం మారారు" అనేవాళ్ళున్నారు. వాళ్ళ కోసం ఈ ముక్క.

ఒంగోలు ప్రాంతంలో మాదిగల్లో క్రైస్తవం పాకింది దొరల వల్ల మాత్రమే కాదు. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, అప్పటికే యోగమార్గంలో దేవుణ్ణి వెతుకుతున్న మనిషి, బాప్తిస్మం తీసుకుని తనవాళ్ళ మధ్య ఊరూరా తిరిగాడు. తర్వాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని మిషనరీ క్లాఫ్ కాంట్రాక్టుకి తీసుకుని మనుషులకి కూలి పని చూపించాడు. పని కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. మా జేజమ్మ వాళ్ళ పెద్దలు అందులో ఉన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు. నిజమో కాదో చూపించే కాగితం నా దగ్గర లేదు. కానీ వాళ్ళు ఏం కోరుకుని ఆ ఏట్లో దిగారో నాకు తెలుసు. చచ్చిన గొడ్డుని మోయమంటే మోయనని చెప్పగలిగే ధైర్యం. పిల్లవాడు అక్షరం దిద్దితే నేరం కాని చోటు. పేరు చివర "గాడు" లేకుండా పిలిచే ఒక్క మనిషి.

ఆ గౌరవం చర్చి లోపల కొంత దొరికింది. బయట దొరకలేదు. జాషువా గారిని చూడండి. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలోనే పుట్టారు. అంతటి కవికి కూడా అంటరానితనం తప్పలేదు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపినవాళ్ళు ఎవరికి బాప్తిస్మం అయింది, ఎవరికి కాలేదు అని అడగలేదు. చనిపోయినవాళ్ళ పేర్లు చదవండి, బైబిల్ పేర్లు కనిపిస్తాయి. ఇలాంటి నెత్తుటి మీదే కదా 1989లో ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీల నిరోధక చట్టం వచ్చింది!

ఇప్పుడు 2025కి రండి. గుంటూరు ప్రాంతంలో పాస్టరుగా పనిచేసే ఒక మనిషి, తనని కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టాడు. క్రైస్తవం తీసుకున్నాక ఎస్సీ హోదా పోతుందని, సర్టిఫికెట్ రద్దు కాకుండా చేతిలో ఉన్నా ఆ చట్టం వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. న్యాయమూర్తి 1950 నాటి ఉత్తర్వు ప్రకారమే చెప్పారు, ఆ సంగతి నేను ఒప్పుకుంటాను. నా గొడవ ఆ ఉత్తర్వుతోనే. తిట్టేవాడు మాత్రం ఆ ఉత్తర్వు చదివి తిట్టడు. వాడికి మన దేవుడితో పనిలేదు, మన పుట్టుకతోనే పని. దెబ్బ పుట్టుకని చూసి పడుతుంటే, కేసు మాత్రం ప్రార్థనని చూసి ఎందుకు నిలబడాలి?

"మీ క్రైస్తవంలో కులం లేదు కదా" అనే మాటకి కూడా జవాబు చెప్పాలి. ఇది చెప్పడానికి నా సొంత మనుషుల మీదే కోపం తెచ్చుకోవాలి. కులం ఉంది. చర్చిలో నిలువునా ఉంది. రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు పెళ్ళి సంబంధాలు ఎట్లా చూసుకుంటారో అందరికీ తెలుసు. మాలల సంఘం, మాదిగల సంఘం అని పేటలో రెండు మందిరాలు కట్టుకున్నది మనమే. తిరుచ్చిలో క్రైస్తవుల సమాధుల తోటలో కులాల మధ్య గోడే ఉంది. చచ్చినా కలవనివ్వని గోడ. 2016లో కేథలిక్ బిషప్పుల సమాఖ్య తమ దళిత విధాన పత్రంలో చర్చిలో వివక్ష ఉందని ఒప్పుకుంది. ఈ దేశంలో చర్చి ఎంత పాతది! అందులోంచి ఒక దళితుడు మొదటిసారి కార్డినల్, అంటే పోప్ తర్వాతి స్థాయి పెద్ద, అయింది 2022లో. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ గారు, మన తెలుగువారు. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో, ఇన్ని వందల ఏళ్ళు ఎందుకు పట్టిందని అంత మండిపోయాను.

పాస్టర్లకి, బిషప్పులకి ఒక మాట. "ప్రభువులో కులం లేదు" అని ఆదివారం చెప్పి, సోమవారం మా కోసం ఎస్సీ హోదా అడిగితే జనం నమ్మరు. ముందు ప్రసంగ వేదిక మీద నుంచే ఒప్పుకోండి, మన మధ్య ఈ పాపం ఉందని. ఎవరి పెళ్ళిళ్ళు ఎవరితో జరుగుతున్నాయో, కమిటీల్లో ఎవరు కూర్చుంటున్నారో బయటపెట్టండి. కోర్టు అడుగుతున్న ఆధారం మీ రిజిస్టర్లలోనే ఉంది.

ఇక నాకు అన్నింటికన్నా కష్టమైన చోటు. హిందువులుగా ఉన్న దళిత సోదరులు కొందరు "మా వాటాలోకి వస్తారా?" అంటారు. ఈ మాట అన్నవాళ్ళని నేను తిట్టను. ఉన్న ఎస్సీ కోటా 15 శాతం, దాని కోసం ఎంత కొట్లాడారో, ఆ కోటాని కులాల వారీగా పంచే వర్గీకరణ కోసం మాదిగలు 30 ఏళ్ళు ఎట్లా రోడ్ల మీద నిలబడ్డారో నేను చూశాను. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకి దారి తెరిచిన రోజు మా పేటలో డప్పు మోగింది. ముందు చదువుకున్న మిషన్ బడి పిల్లలు ముందే ఉద్యోగాలు పట్టుకున్నారన్న బాధ కూడా కొన్ని చోట్ల నిజమే. కాబట్టి కోటా లెక్క కూర్చుని మాట్లాడుకోవాల్సిందే, ఎంత కాలం పట్టినా. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళకి బీసీ-సీ కింద ఇస్తున్నది 1 శాతం. నిజంగా ఎంతమందిమి ఉన్నామో ఎవరికీ తెలియదు, ఎందుకంటే నిజం చెబితే సర్టిఫికెట్ పోతుంది.

కానీ అట్రాసిటీ చట్టం కోటా కాదు. దానికి సీట్లు లేవు, రోస్టర్ లేదు. కులం పేరుతో నన్ను తన్నినవాడి మీద కేసు నిలబడితే ఇంకో దళితుడి ముద్ద ఏమీ తగ్గదు. అందుకే నేను అడిగేది ఇది: రిజర్వేషన్ వాదన తేలేదాకా రక్షణని ఆపొద్దు. ఆ రెంటినీ విడదీయండి. పార్లమెంటు ఆ చట్టానికి ఒక్క సవరణ తెచ్చి, షెడ్యూల్డ్ కులంలో పుట్టినవాళ్ళు ఏ మతంలో ఉన్నా కులం పేరుతో జరిగే దాడికి ఇది వర్తిస్తుందని రాస్తే చాలు. మూడో పేరా తీసేయడం గురించి అప్పుడు నింపాదిగా కొట్లాడుకుందాం. మావాళ్ళలో పెద్ద నాయకులు కూడా అంతా ఒకేసారి కావాలని కూర్చున్నారు. కావాలి, నిజమే. ఈలోగా కొట్టేవాడు ఆగడం లేదు.

ఇదంతా ప్రభుత్వాలకి తెలియదా? 2007లోనే కేంద్రం వేసిన రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరా తీసేయమంది. 2004 నుంచి సుప్రీంకోర్టులో పిటిషన్లు నడుస్తున్నాయి. 2022 అక్టోబర్‌లో ఈ విషయం పరిశీలించమని కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి రెండేళ్ళ గడువిచ్చింది, ఆ రెండేళ్ళూ అయిపోయాక మళ్ళీ పొడిగించింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మాకు ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం ఆ జాబితా మార్చగలిగేది పార్లమెంటు ఒక్కటే. తీర్మానం చేసినవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. డిసెంబరు రాగానే మాత్రం మా చేత కేకు కోయించి ఫొటోలు దిగుతారు. జెరూసలేం వెళ్ళడానికి డబ్బులిస్తారు. పాస్టర్లకి నెలకి 5,000 గౌరవ వేతనం ఇచ్చారు. మతాన్ని ప్రభుత్వ ఖర్చుతో పండగ చేయడానికి ఏ పార్టీకీ అడ్డం రాని రాజ్యాంగం, మా వీపు మీద దెబ్బలు లెక్కపెట్టాల్సి వచ్చేసరికి అడ్డం వస్తోంది. మాకు కేకు వద్దు. పోలీస్ స్టేషన్లో రాసుకునే కాగితం కావాలి.

"అట్లయితే మతం మారకుండా ఉండాల్సింది" అనేవాళ్ళకి చెప్పేది ఒక్కటే. 25వ అధికరణ నా మనస్సాక్షికి స్వేచ్ఛ ఇచ్చింది. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. ఈ రెంటిలో ఏదో ఒకటే తీసుకో అని నాతో అనే హక్కు ఎవరికీ లేదు. ఆ ఎంపిక ఇంకే కులం ముందూ పెట్టరు.

నేను ప్రైవేటు ఉద్యోగిని, నాకు పోయేదేం లేదు కాబట్టి రాయగలుగుతున్నాను. మా నాన్నకి ఆ స్థోమత ఉండేది కాదు. ఆయన సర్వీసు రికార్డులో ఒక పేరు, సంఘం రిజిస్టర్లో ఒక పేరు. మా పేటలో ఆయన వయసువాళ్ళందరికీ అంతే. ఆయన పోయాక సమాధి మీద సంఘం పేరే చెక్కించాం, అదీ అమ్మ పట్టుబట్టబట్టి. ఏటా ఆ రోజున మేమంతా వెళ్ళి సున్నం వేసి, పూలు పెట్టి, పాట పాడి వస్తాం. ఫోన్ బయటికి తీస్తే మాత్రం అమ్మ ఒప్పుకోదు. "ఫొటో ఎక్కడా పెట్టొద్దురా, తమ్ముడు ఇంకా సర్వీసులో ఉన్నాడు" అంటుంది.