రెండు టన్నుల లోపు పొగ

మొన్న వేసవిలో మా ఆవిడ డాబా మీద నా పాత పంచె పరిచి పిండి వడియాలు పెట్టింది. జీలకర్ర వేసి, ఉప్పు సరిచూసి, ఎండ ముదరక ముందే పని ముగించింది. మర్నాడు చుట్టపుచూపుగా వచ్చిన ఆవిడ పళ్లెంలో వాటిని చూసి మురిసిపోయింది. "నల్ల నువ్వులు కూడా వేశారా వదినా? భలే ముచ్చటగా ఉన్నాయి. కొలత చెబుదురూ!" అంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను కిటికీలోంచి మిల్లు వైపు చూశాను.

మా వీధి చివర రైస్ మిల్లు ఉంది. ఉప్పుడు బియ్యం చేస్తారు. ధాన్యం ఉడకాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కి ఊక కావాలి. వంద కిలోల ధాన్యం ఆడిస్తే ఇంచుమించు ఇరవై కిలోలు ఊకే. ఆ ఊకని కాలిస్తే ఐదో వంతు బూడిద మిగులుతుంది. అందులో బరువైనది బాయిలర్ కింద పడుతుంది. తేలికైనది మా డాబాకి వస్తుంది.

బాధ్యత గల పౌరుడిగా వెళ్లి యజమానిని అడిగాను. ఆయన కుర్చీ వేయించి, టీ తెప్పించి, "మాస్టారూ, మాది రెండు టన్నుల లోపేనండి" అన్నారు. ఆ ముక్కతో చర్చ అయిపోయినట్టే లేచి నిలబడ్డారు కూడా. నాకేమీ అర్థం కాక ఇంటికొచ్చి పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986 ముందేసుకుని కూర్చున్నాను. చదివాక కోపం పోయి భక్తి పుట్టింది.

పొగలోనూ అంతరాలున్నాయండీ. గంటకి రెండు టన్నుల కంటే తక్కువ ఆవిరి చేసే బాయిలర్, ఘనపు మీటరు పొగలో 1200 మిల్లీగ్రాముల దుమ్ము దాకా వదలొచ్చు. రెండు నుంచి పది టన్నుల లోపైతే 800. పది నుంచి పదిహేను లోపైతే 600. పదిహేనూ ఆపైనైతే 150. ఇక 2017 నుంచి పెట్టిన థర్మల్ ప్లాంటుకైతే 30. ఘనపు మీటరంటే మీ మేడ మీది వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు. ఆ ట్యాంకు నిండా మా మిల్లు పొగ పడితే అందులో గ్రాము పైచిలుకు మసి ఉన్నా ఈ పట్టిక ఏమీ అనదు. అదే థర్మల్ ప్లాంటు పొగలో అంత మసి కావాలంటే నలభై ట్యాంకులు పట్టాలి.

ఇందులో న్యాయం లేకపోలేదు. మసిని వడగట్టే సంచుల ఫిల్టర్లు ఖరీదైనవి, చిన్నవాడు ఎక్కడ తెస్తాడు? మన ఇళ్లల్లోనూ ఆఖరివాడు ఎంత అల్లరి చేసినా "పోనీలెద్దూ, చిన్నవాడు" అనే కదా అంటాం. చిక్కల్లా ఒక్కటే. పెద్దవాడు ఊరి బయట పొలాలవతల ఉంటాడు, ఈ చిన్నవాడు మాత్రం మా పక్కలోనే పడుకుంటాడు. అందుకని మా వీధివాళ్ల ముక్కులకి కూడా "రెండు టన్నుల లోపు" అని సర్టిఫికెట్ ఇప్పించాలని నా విన్నపం.

రెండోసారి వెళితే యజమాని "సైక్లోన్ పెట్టించాం కదండీ" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఆశ్చర్యపోయింది. "మన జిల్లాకి సైక్లోన్లు పిలవకపోయినా వస్తాయి, మళ్లీ డబ్బిచ్చి తెప్పించుకోవడమేమిటి?" అని. అది గరాటు లాంటి డబ్బా అని, అందులో పొగ గిరగిరా తిరుగుతుందని, బరువైన నుసి గోడలకి కొట్టుకుని కిందికి జారుతుందని వివరించాను. "సన్నటిదో?" అంది. సన్నటిది తిరిగి తిరిగి పైకే పోతుంది. అడుగున చేరిన బూడిదని ఎప్పటికప్పుడు తీయకపోతే లావుది కూడా దాని వెంటే పోతుంది. తీస్తున్నారా అని నేను అడగలేదు. టీ తాగి వచ్చినవాణ్ణి, అడిగితే బాగుండదు.

చట్టం మరీ అమాయకంగా ఉందనుకోకండి. పాలల్లో నీళ్లు కలిపినట్టు పొగలో గాలి కలిపితే దుమ్ము పల్చబడుతుంది, దాంతోపాటు పొగలోని కార్బన్ డయాక్సైడూ పల్చబడుతుంది. ఆ సంగతి చట్టానికి తెలుసు. కాబట్టే కొలిచిన లెక్కని 12 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న పొగకి సరిచేసి చూడమంది. మా పాలవాడికి ఇలాంటి నిబంధన పెట్టలేకపోయాం గానీ పొగకి పెట్టగలిగాం.

పొగ కొలిచే రోజు కూడా వచ్చింది. ఒక కుర్రాడు నిచ్చెనెక్కి, చిమ్నీకున్న కన్నంలో గొట్టం దూర్చి, చిన్న వడపోత గుండా పొగని పీల్పించాడు. ఆ వడపోతని ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తూచి తేడా చూస్తారట. ఆ రోజు మా మిల్లు పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా ఉంది. చిమ్నీలోంచి తెల్లగా, సన్నగా, వంచిన తల ఎత్తకుండా పొగ వచ్చింది. మా వీధిలో ఆడవాళ్లందరూ గబగబా బట్టలు ఆరేసుకున్నారు.

అన్నట్టు, బాయిలర్ పేలకుండా చూసే చట్టం మనకి 1923లోనే వచ్చింది. పొగ సంగతి చూసే గాలి చట్టం 1981 దాకా రాలేదు. పేలితే మిల్లు పోతుంది, పొగైతే పోయేవి వడియాలే కదా.

యూరప్ వాళ్లు మనకంటే మొనగాళ్లేమోనని అదీ చూశాను. ఒకటి నుంచి 50 మెగావాట్ల లోపు పొయ్యిలన్నిటికీ కలిపి 2015లో ఒక శాసనం చేశారు. పాతవాటిలో ఐదు మెగావాట్లు దాటినవాటికి 2025 దాకా, మిగతా చిన్నవాటికి 2030 దాకా గడువిచ్చారు. అంటే శాసనం పుట్టిన రోజున పుట్టిన పిల్లాడు పదో తరగతి పరీక్ష రాసేదాకా. చిన్నవాడంటే ముద్దు అక్కడా ఉంది. గడువుల్లో మాత్రం మనదే పైచేయి. థర్మల్ ప్లాంట్ల గంధకం పొగకి అదే 2015లో రెండేళ్లు గడువిచ్చి, దాన్ని 2022కి జరిపి, ఆ తర్వాతా జరిపి, చివరికి 2025 జూలైలో చాలా ప్లాంట్లకి అసలు గంధకాన్ని పట్టే యంత్రమే అక్కర్లేదన్నాం.

నిరాశగా పుస్తకం మూయబోతుంటే చిమ్నీ ఎత్తు దగ్గర కన్ను ఆగింది. రెండు టన్నుల లోపు బాయిలర్‌కి చిమ్నీ తొమ్మిది మీటర్లు ఉండాలి, లేదా పక్క భవనం ఎత్తుకి రెండున్నర రెట్లు, ఏది ఎక్కువైతే అది. పరుగున వెళ్లి "పక్క భవనం ఏదండీ?" అని అడిగాను. "మేం మిల్లు కట్టినప్పుడు పక్కన గడ్డివాము ఉండేదండి" అన్నారు.

ఇప్పుడు గడ్డివాము లేదు, మా డాబా ఉంది. ఎత్తు పన్నెండు అడుగులు. దానికి రెండున్నర రెట్లు 30 అడుగులు, తొమ్మిది మీటర్లూ ఇంచుమించు అంతే. చిమ్నీ సరిగ్గా సరిపోయింది. కానీ నేను ఇంకో అంతస్తు వేస్తే? చిమ్నీ 60 అడుగులు కావాలి. మర్నాడే మేస్త్రీని పిలిచి, ఎదురుగా రోడ్డు మీద నిలబెట్టి, వీధంతా వినబడేలా టేపు పట్టించాను.

ఆ రాత్రి యజమాని స్వయంగా మా ఇంటికొచ్చారు. వెనకాల కుర్రాడి భుజం మీద పాతిక కిలోల బియ్యం బస్తా. "మాస్టారూ, పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు, ఈ వయసులో మీకు పై అంతస్తు ఎందుకండీ, ఆ మెట్లెక్కలేక మోకాళ్ల నొప్పులు తప్ప" అని ఎంతో ఆప్యాయంగా అన్నారు.

ఆయన వెళ్లాక మా ఆవిడ బస్తా మీద వేలితో రాసి దీపం దగ్గర పెట్టి చూసింది. వేలు నల్లగా ఉంది.