దించిన బరువు తిరిగి ఎత్తలేక

వానలు మొదలయ్యాయంటే పార్వతీపురం మన్యం జిల్లా నుంచి డోలీ ఫోటోలు రావడం మొదలవుతుంది. నిండు గర్భిణినో, జ్వరంతో సోలిపోయిన మనిషినో దుప్పటి కట్టిన కర్రకు వేలాడదీసి బంధువులు గెడ్డ (కొండవాగు) దాటిస్తుంటారు. చూసినవాళ్ల మనసు కలుక్కుమంటుంది. అధికారులు వివరణ ఇస్తారు. రోడ్డు మంజూరు మాట వినిపిస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. అయితే అదే మనుషులు, అదే దారిలో, ఏడాది పొడవునా మోసే మరో బరువు ఉంది. దాన్ని ఎవరూ ఫోటో తీయరు. చింతపండు, కందులు, పసుపు, జీడిపిక్కలు, అనాసపళ్లు, కొండచీపుర్లు... కావిళ్లలోనూ నెత్తిన తట్టల్లోనూ సంతకు దిగే ఈ సరుకు ఏ ధరకు పోతుందన్నదాని మీదే గిరిశిఖర గ్రామాల బతుకు ఆధారపడి ఉంది.

సంతలో బేరం ఎలా జరుగుతుందో గమనించండి. చీకటితోనే బయల్దేరి గంటల తరబడి కొండ దిగిన సవర తెగ మహిళ తట్ట దించుతుంది. వ్యాపారి ఒక ధర చెబుతాడు. ఆమెకు నచ్చదు. కానీ ఆ తట్టను మళ్లీ నెత్తికెత్తుకుని అంత ఎత్తూ ఎక్కలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. ఆ డబ్బుతోనే ఉప్పు, నూనె, ఎండు చేపలు, సబ్బులు కొనాలి. పొద్దుగుంకే లోపు కొండెక్కాలి. కురుపాం, కొమరాడ వైపైతే ఏనుగుల భయం కూడా తోడైంది. ఇక బేరమాడేది ఏముంది? మైదానంలో రైతుకూ గిట్టుబాటు ధర దొరకదన్నది నిజమే. అయినా ధర నచ్చకపోతే బస్తాలు ఆటోలో వేసుకుని ఇంటికి తిరిగి వెళ్లే అవకాశం అతనికి ఎంతో కొంత ఉంది. కొండ మీది రైతు సరుకు ఒకసారి దిగిందంటే అమ్ముడు కావలసిందే. కొండల పేదరికం గురించి మాట్లాడేవాళ్లు ముందు ఈ ఒక్క విషయం పట్టించుకోవాలని నా అభిప్రాయం.

అనాసపండు ఆగదు. సీతంపేట కొండల్లో తోటలన్నీ కొద్ది వారాల తేడాలో పండుతాయి, సంతంతా ఒక్కసారిగా అనాసతో నిండిపోతుంది, ధర పడిపోతుంది. కానీ జీడిపిక్క అలాంటిది కాదు. బాగా ఎండబెట్టి తడి తగలకుండా దాచితే నెలల తరబడి ఉంటుంది. పలాస, కాశీబుగ్గల్లో పిక్కను కాల్చి, పగలగొట్టి, పొట్టు తీసి, గుండు వేరు బద్ద వేరు చేసి అమ్మే పరిశ్రమ ఏళ్లుగా నడుస్తోంది. ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు తెప్పించుకునేంత గిరాకీ అక్కడ ఉంది. ఇంత దగ్గర్లో ఇంత పెద్ద మార్కెట్ ఉన్నా, కోత రోజుల్లోనే కారుచౌకగా కొండ దిగిపోయే పిక్క ఎంతో. పిక్కలు ఆగినా ఇల్లు ఆగలేదు మరి. పెళ్లికో వైద్యానికో బడి తెరిచే రోజులకో ముందే చేబదులు తెచ్చుకున్నవాళ్లు, అప్పిచ్చిన మనిషికే, అతను చెప్పిన ధరకే పిక్కలు కొలవాలి.

ఇది కొత్త కథ కాదు. గిరిజనుల సరుకును సరైన తూకంతో, సరైన ధరకు కొనాలనే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. ఆ తర్వాత కూడా శావుకార్ల అప్పుల కింద భూములు జారిపోతూనే ఉన్నాయి. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయేనాటికి, ఈ కొండల్లో గిరిజన సంఘం అడుగుతున్న వాటిలో కూలి రేట్లు, పోయిన భూములతో పాటు అటవీ ఫలసాయానికి న్యాయమైన ధర కూడా ఉంది. ఆ నెత్తుటి చరిత్ర నేపథ్యంలోనే 1970లో 1/70 చట్టం వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆ చట్టం అడ్డుకట్ట వేసింది. భూమికి కాపలా దొరికింది గానీ ఆ భూమి మీద పండినదానికి అంత గట్టి కాపలా ఇప్పటికీ లేదు. సహకార సంస్థ కొనుగోళ్లున్నా అవి ఎక్కువగా డిపోల దగ్గర, సంతల దగ్గర, అంటే కొండ కిందే. మోసుకొచ్చే శ్రమ అలాగే ఉంది.

రోడ్డు వస్తే అన్నీ సర్దుకుంటాయని అనడం తేలిక. రోడ్డు కావాలి, అందులో రెండో మాట లేదు. గ్రామ సడక్ యోజన నిబంధన మైదానంలో ఊరికి కనీసం 500 జనాభా, గిరిజన ప్రాంతాల్లో 250. ఇరవై, ముప్పై గడపల ఊళ్లు దీనికి ఎలా అందుతాయి? 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్ పథకం ఆదిమ తెగల ఆవాసాలకు దీన్ని 100కు తగ్గించింది. కొండ సవరలకు ఇది పెద్ద మేలు. ఆదిమ తెగల జాబితాలో లేని జాతాపు తెగవాళ్ల గూడెం పక్క కొండ మీదే ఉన్నా, దానికి మాత్రం ఇది వర్తించదు. ఇక ఎక్కడ అడిగినా అటవీ అనుమతులు రాలేదన్న జవాబే వస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) రోడ్డు, బడి, తాగునీటి పైపుల వంటి పదమూడు రకాల పనులకు, ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమిని గ్రామసభ సిఫార్సుతో ఇవ్వవచ్చని చెబుతోంది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదన్నదే షరతు. ఈ సెక్షన్ చేతిలో ఉండగా, చిన్న మట్టి రోడ్డు ఫైలు ఏళ్లకేళ్లు కదలకపోవడాన్ని అడవి మీద ప్రేమగా నేను ఒప్పుకోలేను.

కానీ రోడ్డు మీద అంబులెన్స్‌తో పాటు వ్యాపారి వ్యాను కూడా ఎక్కుతుంది. నలుగురు వ్యాపారులు ఎక్కి పోటీ పడితే ధర పెరుగుతుంది. ఒక్కడే ఎక్కితే, ముందే అప్పిచ్చినవాడే ఎక్కితే, మోత బాధ తప్పుతుందేమో గానీ ధర మారదు. సాలూరులో, గుమ్మలక్ష్మీపురంలో నెలలు నిండిన గర్భిణులను ముందుగానే కిందికి తెచ్చి ఉంచే వసతి గృహాలు పెట్టారు. ప్రాణాలు కాపాడే మంచి పని అది, మనసారా మెచ్చుకోవాలి. దూరాన్ని ఒకేసారి జయించలేనప్పుడు ముందుచూపుతో దాటవచ్చని అవి చూపించాయి. ఆ ముందుచూపు పంట విషయంలో ఎందుకు రాదు?

కావలసినవి పెద్దవేమీ కావు. ఊరిలోనే ఒక సిమెంటు కళ్లం, టార్పాలిన్లు, వాన తగలని ఒక గది, అందరి ఎదుటా తూచే కాటా. గదిలో పెట్టిన సరుకు మీద మహిళా సంఘం ద్వారా అప్పటికప్పుడు కొంత సొమ్ము. ఇంటి ఖర్చు గడిస్తే పిక్కలూ కందులూ ఆగుతాయి, అవి ఆగితే వ్యాపారే కొండెక్కి అడుగుతాడు. సహకార సంస్థ కూడా సీజన్లో ముందుగా చెప్పిన రోజున ఊరి దగ్గరికే వచ్చి కొనాలి. గిరిజనులు సంఘాలుగా చేరి అటవీ సరుకును శుద్ధి చేసి అమ్ముకునేందుకు పెట్టిన వన్‌ధన్ కేంద్రాల పనితీరును ఎన్ని సంఘాలు నమోదయ్యాయి, ఎన్ని శిక్షణలు ఇచ్చారు అన్న లెక్కలతో కాకుండా, కోత మొదటి నెలలో ఎంత సరుకు అమ్మకుండా ఆపగలిగారన్నదానితో కొలవాలి.

ఇందులో తిండి సంగతి కూడా ఉంది. ఒకప్పుడు పోడులో చోళ్లు, సామలు, కొర్రలు, కొండకంది కలిపి చల్లేవారు. వాన ఎటు తిరిగినా ఏదో ఒకటి చేతికొచ్చేది, చోడి అంబలికి లోటుండేది కాదు. ఆ వాలుల్లో చాలావరకు ఇప్పుడు జీడితోటలు నిండాయి, తిండికి రేషన్ బియ్యం ఆధారమైంది. డబ్బు పంట వేసుకున్నవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ డబ్బు పంటకు డబ్బు రాకపోతే, పాత పోడులో దొరికినట్టు తినడానికైనా ఏమీ మిగలదు.

చివరగా, జాబితాలో లేని కొండల మాట. మందస, మెళియాపుట్టి ప్రాంతాల్లో ఎన్నో గిరిజన గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతంలోకి రావు. వాటికి 1/70 రక్షణ లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగినప్పుడు సీతంపేట ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది, ఈ కొండలు శ్రీకాకుళంలోనే మిగిలాయి. ఇక్కడ అప్పు పెరిగితే పంటతో ఆగదు, భూమి కూడా పోతుంది. కాబట్టి కళ్లం, గది, కాటా ఏ ఊరి నుంచి మొదలుపెట్టాలని అడిగితే, షెడ్యూల్ బయట ఉన్న ఈ ఊళ్ల నుంచే మొదలుపెట్టమంటాను. అదీ జీడి కోతకు ముందే.