ఈస్ట్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిన సెపియోలైట్ గారికి

మహారాజశ్రీ నారల మట్టి ఖనిజం సెపియోలైట్ గారికి,

ల్యాబ్‌లో మూల బెంచీ నుంచి నమస్కరించి రాయునది. ఈ మధ్యాహ్నం ఇంక్యుబేటర్ తెరిచాను. యురాసిల్ అనే పోషకం లేని ప్లేట్లు పన్నెండు, 30 డిగ్రీల్లో మూడు రోజులు పెట్టినవి. తమరు ప్లాస్మిడ్‌ను, అంటే చిన్న డీఎన్‌ఏ చుట్టను, లోపలికి చేరవేసిన ఈస్ట్ కణాలే వాటి మీద పెరగాలి. ఒక్క కాలనీ లేదు. అబద్ధమెందుకు, ఒకటుంది. నల్ల బూజు.

మీ దాయాది క్రైసోటైల్, అదే మా ఊరి ఇళ్ల రేకుల్లో ఉండే రాతినార, 2001లోనే ఈ.కొలై బాక్టీరియాలోకి ప్లాస్మిడ్‌ను చేరవేసి పేరు తెచ్చుకుంది. అగార్ జెల్లీ మీద రుద్దితే చాలట, సూదుల్లా గుచ్చుకుని డీఎన్‌ఏను లోపలికి పంపేస్తుందట. దానికి క్యాన్సర్ తెచ్చే గుణం ఉంది కాబట్టి, అదే పని చేస్తారని తమరిని పిలిచాం. పెంపుడు పిల్లుల మలం మీద పోసే మట్టిలో కూడా తమరే ఉంటారని తెలిసీ చులకన చేయలేదు.

బాక్టీరియా దగ్గర బాగానే ఉంది. ఈస్ట్ దగ్గరికొచ్చేసరికి ఆ పౌరుషమేమైంది? గోడ మందం 100, 200 నానోమీటర్లు. లోపల గ్లూకాన్ అనే చక్కెర గొలుసులు, పైన చక్కెర అంటిన మానోప్రోటీన్లు. వెంట్రుకను మూడొందల పొరలుగా చీలిస్తే అందులో ఒక పొరంత! గాజు కడ్డీతో అర నిమిషం రుద్దాను. ఒక నిమిషం. రెండు. అగార్ చిరిగింది గానీ ఆ గోడ కదల్లేదు. నీకూ డీఎన్‌ఏకూ ఇద్దరికీ రుణావేశమే, కలవరని మెగ్నీషియాన్ని మధ్యవర్తిగా పెట్టాను. కలిశారు, బాగానే కలిశారు. పెళ్లికొడుకుని గుమ్మం దాకా తెచ్చి, అక్కడే నిలబడి వాయించే బ్యాండు మేళం నువ్వు!

ఈస్ట్‌లోకి డీఎన్‌ఏ పంపడానికి లిథియం అసిటేట్ అనే లవణంతో చేసే పద్ధతి 1983 నుంచీ ఉంది. 42 డిగ్రీల వేడి తగిలిస్తే పనైపోతుంది. అది వద్దు, ఇది చవక, ఇట్టే అయిపోతుంది అని గైడ్ గారి ముందు నీ తరఫున వాదించింది నేనే. రేపు మీటింగ్‌లో ఆ బూజు ఫొటో చూపించాల్సిందీ నేనే. నీకేం, డబ్బాలో పడుకుంటావు.

తిట్టుకుంటూనే ఈరోజు రుద్దిన రెండో బ్యాచ్‌లో ఒక చుక్క తీసి, కాస్త తిండి కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాను. నీ నారల చిక్కులో ఈస్ట్ కణాలు, దండకు గుచ్చిన మల్లెమొగ్గల్లా. ఒకదానికి చిన్న మొగ్గ తొడుగుతోంది. రెండు గంటలకు పైనే కళ్లు ఆర్పకుండా కూర్చున్నాను. పిల్ల కణం విడిపోయి, తల్లి పక్కనే నిన్ను ఆనుకుని ఉండిపోయింది. ప్లాస్మిడ్ లేదు, ఏమీ లేదు. హాయిగా ఉంది.

డబ్బా మూత గట్టిగా పెట్టాను, తేమ తగలకుండా.

ఇట్లు,
మీ చేత మోసపోయిన విద్యార్థిని