కీళ్ల పొడుల్లో ఏది ఎంత?

మహారాష్ట్ర సరిహద్దులో సిరొంచ నుంచి బల్లార్షా వరకు, ఇటు కిన్వట్, ధర్మాబాద్ వరకు తెలుగువారున్న ఊళ్లలో మోకాళ్లు పట్టుకుని లేచే పెద్దలు లేని ఇల్లు అరుదు. ఏళ్ల తరబడి వంగి నాట్లు వేసినవారు, బొగ్గుగనుల్లో పనిచేసి విరమించినవారు, ఎండాకాలమంతా తునికాకు కోసినవారు ‘గుజ్జు అరిగిపోయింది’ అన్న మాట వినగానే కీళ్ల ఆరోగ్యం పేరిట అమ్మే డబ్బాల వైపు చూస్తున్నారు. మందుల దుకాణాల్లోనే కాదు, వారపు సంతల్లోనూ ఇవి దొరుకుతున్నాయి. కూలి డబ్బుల్లోంచి నెలనెలా వీటికి ఖర్చు పెడుతున్నవారికి, తాము మింగుతున్నదేమిటో తెలుసుకునే హక్కు ఉంది.

డబ్బా మీద గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్, ఎంఎస్ఎం (గంధకం ఉన్న ఒక రసాయనం), కొల్లాజెన్, కర్క్యుమిన్ (పసుపులో ఉండే పదార్థం), బాస్వెల్లియా అని ఆరేడు పేర్లు ఉంటాయి. పేర్లు ఎక్కువగా ఉంటే గుణమూ ఎక్కువని కొనేవారు నమ్ముతారు. అయితే ఒక్కో దినుసు రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు అందుతుందో తెలియనంతవరకు ఆ పేర్లకు విలువ లేదు. అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగి 2006లో వెలువడిన పరీక్షలో, మోకాలి కీళ్లరుగుడు ఉన్న 1,583 మందిని బృందాలుగా విడదీసి, రోజుకు 1,500 మిల్లీగ్రాముల గ్లూకోసమైన్, 1,200 మిల్లీగ్రాముల కాండ్రాయిటిన్ విడివిడిగానూ కలిపీ 24 వారాలు ఇచ్చి చూశారు. రెండూ కలిపి తీసుకున్నవారిలో 66.6 శాతం మందికి నొప్పి చెప్పుకోదగినంత తగ్గగా, మందేమీ లేని ఉత్తి మాత్ర మింగినవారిలోనూ 60.1 శాతం మందికి తగ్గింది. నొప్పి ఎక్కువగా ఉన్న ఒక చిన్న గుంపులో తేడా మరికొంత కనిపించింది గాని, దాన్ని పట్టుకుని అందరికీ హామీ ఇవ్వడం తగదు. అమెరికాలోని కీళ్లవ్యాధి నిపుణుల సంఘం 2019లో మోకాలి అరుగుదలకు ఈ రెంటినీ వాడవద్దనే గట్టిగా చెప్పింది. వ్యాయామాన్ని, బరువు తగ్గడాన్ని అంతే గట్టిగా సిఫారసు చేసింది. పూర్తి మోతాదుకే ఫలితం ఇంత అనుమానంగా ఉన్నప్పుడు, అందులో పావు వంతు వేసి పెద్ద అక్షరాలతో పేరు అచ్చువేసే డబ్బాను ఏమనాలి?

పసుపు సంగతీ ఇంతే. నాందేడ్, హింగోలి పసుపు మనకు కొత్తది కాదు. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు మూడు శాతమే ఉంటుంది కనుక, అర గ్రాము పొడి వేసిన గొట్టం మాత్రలో అది దాదాపు 15 మిల్లీగ్రాములు. కొంత మేలు చూపిన ప్రయోగాల్లో వాడినది వందల మిల్లీగ్రాముల సారం. అది ఒంటికి పట్టడానికి మిరియాల సారం కలుపుతారు; అదే మిరియాల సారం ఇతర మందులు రక్తంలో చేరే తీరునూ మార్చగలదు. మన ప్రాంతపు అడవుల్లో పెరిగే సాలై చెట్టు బంకే బాస్వెల్లియా. దానిపై వచ్చిన ఫలితాలు ఆశాజనకమే అయినా, జరిగినవన్నీ చిన్న, తక్కువ కాలపు పరీక్షలే.

గ్లూకోసమైన్‌ను ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి, కాండ్రాయిటిన్‌ను పశువుల మృదులాస్థి నుంచి తీస్తారు. రొయ్యలు పడనివారు, శాకాహారులు ఇది తెలుసుకోవాలి. గుండె కవాటం మార్పిడి తర్వాతో, పక్షవాతం వచ్చాకో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారికి గ్లూకోసమైన్ వల్ల రక్తస్రావ ప్రమాదం పెరగవచ్చు కాబట్టి, డాక్టరును అడగకుండా దాన్ని ముట్టకూడదు.

అన్నిటికంటే మాకు ఆందోళన కలిగిస్తున్నది లేబుల్‌పై లేని పదార్థం. ఈ దినుసులు పనిచేసినా వారాలు పడుతుంది. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించే ముందు అందులో స్టెరాయిడ్ గాని, నొప్పి మాత్ర గాని కలిపారేమోనని అనుమానించాలి. కీళ్ల సప్లిమెంటుగా అమ్మిన ఒక ఉత్పత్తిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు బయటపడ్డాయని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2022లో హెచ్చరించింది. తెలియకుండా స్టెరాయిడ్ మింగితే చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మన జిల్లాల్లో నొప్పికి కారణం ప్రతిసారీ అరుగుదలే కాదు. చంద్రపూర్, యవత్‌మాళ్, నాందేడ్ జిల్లాల్లో ఫ్లోరైడ్ నీటి బాధ పాతదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే నడుము, కీళ్లు బిగుసుకుపోవచ్చు. గడ్చిరోలి గోండు, మాడియా కుటుంబాల్లో ఎముకల నొప్పి, వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ అనే రక్తవ్యాధి లక్షణం కావచ్చు. మొదటిదానికి బోరునీటి పరీక్ష, రెండోదానికి రక్తపరీక్ష జరగాలి. అవి జరిగేలోపు డబ్బాలతో గడిపే ప్రతి నెలా నష్టమే.

చట్టప్రకారం ఈ ఉత్పత్తుల మీద ‘ఔషధంగా వాడరాదు’ అని రాయాలి. కాని తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపి హిందీలోనో ఉంటే సరిపోతుంది గనుక, తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దలకు ఆ హెచ్చరిక అందడం లేదు. సరిహద్దు తాలూకాల్లో అమ్మే డబ్బాలపై ఆ వాక్యాన్ని, ఒక్కో దినుసు రోజువారీ మోతాదును తెలుగులోనూ అచ్చువేయించాలని కోరుతున్నాం. దినుసులన్నిటినీ ఒకే మిశ్రమంగా చూపి పాళ్లు దాచే పద్ధతిని కేంద్ర ఆహార భద్రతా సంస్థ అనుమతించకూడదు. మహారాష్ట్ర ఆహార, ఔషధ శాఖ స్టెరాయిడ్ కల్తీని పట్టేందుకు నమూనాలు సేకరించి, ఫలితాలను బ్యాచ్ నంబర్లతో సహా ప్రజల ముందు పెట్టాలి. ఆ సేకరణ పట్టణపు దుకాణాలతో ఆగిపోకుండా, రసీదు లేకుండా పొడులు అమ్మే వారపు సంతలతోనే మొదలు కావాలి.